నెత్తి మీద ఓరుగల్లు కోట

అరె, నిన్న నా పానం ఎట్ల దక్కిందో ముందుగాల ఇనుండ్రి. చాయ్ చల్లారితె ఇంకోటి చెప్దం!

మీకెరుకే గద, కోటల బొమ్మలున్న స్టాంపులంటె నాకు పిచ్చి. గీ నల్లగొండల వకీలు సాబు పారేసిన ఉత్తరాల లిఫాఫలు నీళ్లల్ల నానబెట్టి తీస్త. ఓరుగల్లు కోట తోరణముండేది ఒకటి, గోల్కొండ ఖిల్లాది ఒకటి. గవే నా ఆస్తి.

నిన్న మా పానగల్లుకు నిజాంను దించిన యూనియన్ ఫౌజు వచ్చింది. కమ్యూనిస్టు సంగపోళ్లను దేవులాడుకుంట ఇల్లిల్లు సోదా. నా పెండ్లాం మల్లమ్మ మొత్తుకునుడు షురూ చేసింది.

"ఓ అయ్యా, గా స్టాంపుల మీద నిజాం సర్కారు పేరున్నది! చూస్తె నిన్ను రజాకారు అంటరు. పొయ్యిల పెట్టు!"

"కోటను పొయ్యిల పెడ్తరానే?" అన్న. నాది బట్టతల గద. రెండూ నడి నెత్తిన పెట్టుకొని పైనుంచి రుమాలు చుట్టిన.

అందర్ని చావడి ముంగట నిలబెట్టిండ్రు. వాన దంచుతాంది. రుమాలు తడిసి ముద్దయింది. "రుమాళ్లు తీయుండ్రి!" అని హుకుం. తీసి చూస్తె అండ్ల స్టాంపులు లేవు! తడి కాయిదం గద, గుండుకు అతుక్కపోయినయి!

గప్పుడే కెప్టెన్ జీపు దిగిండు. దొర ముంగట వంగి వంగి అలవాటైనోళ్లం, ఊరంత ఒక్కపారి తలకాయ వంచింది. నేనొక్కణ్నే గుంజ లెక్క నిలబడ్డ. వంచితె కోటలు కనబడ్తయి మరి!

కెప్టెన్ సీదా నా దగ్గరికే వచ్చిండు. నా కన్న జానెడు పొట్టి.

"నువ్వెందుకు వంగవు? దళంల ఉన్నవా?" అని హిందీల గద్దించిండు.

పక్కకే లారీ. అండ్ల చేతులు కట్టేసి కూసోబెట్టినోళ్లున్నరు.

"మెడ పట్టింది సాబ్!" అన్న.

ఆయన నా మెడ మీద చెయ్యేసి కిందికి వంచిండు. కండ్లు మూసుకున్న.

"యే క్యా హై? ఖిల్లా?"

ఇగ దాచేదేముంది? వంగినోణ్ని వంగినట్లే చెప్పిన. "ముంగటిది గోల్కొండ సాబ్. ఎనుకది ఓరుగల్లు తోరణం. నిజాం కట్టించింది కాదు, కాకతి రాజులు కట్టించిండ్రు. మాది!"

గంత భయంల గూడ 'మాది' అన్నప్పుడు నా గొంతు ఎట్ల లేసిందో!

కెప్టెన్ కడుపు పట్టుకొని నవ్విండు. ఆయనది రాజపుత్రుల చిత్తోడ్ కోట దిక్కంట, కోటలంటె ఆయనకూ పానమంట. గోరుతోని మెల్లగ రెండూ ఊడదీసి నా అరచేతుల పెట్టిండు. ఔరంగజేబుకు గోల్కొండ తీసుకోనికి నెలలకు నెలలు పట్టిందంట. ఈయన చిటికెల తీసిండు, అదీ నా గుండు మీదికెళ్లి!

"ఘర్ జావ్" అన్నడు. ఇంటికొచ్చిన.

తలలు వంచుకున్న మా ఊరోళ్లు గీ కోటల సంగతి చూడలే. వాళ్లకు ఇనబడ్డది 'నువ్వెందుకు వంగవు?' అన్న కెప్టెన్ గద్దింపు, 'మాది!' అన్న నా కేక, గంతే. ఇప్పుడు నేను ఫౌజు ముంగట తల వంచని మొనగాణ్ని! ఏ గల్లీల పోయినా దండాలే. నేను గూడ మీసం మెలేసుకుంట తిరుగుతున్న. మా మల్లమ్మ ఒక్కతే, నేను కనబడ్డప్పుడల్లా నవ్వాపుకోనికి కొంగు నోట్లె కుక్కుకుంటాంది!