చెవిటి పిల్ల నెత్తిన హెడ్‌ఫోన్లు

ఆ వానాకాలం పొద్దున్న మా మనవరాలు కుమారి కంచం మీదకు తల వంచలేకపోయింది. "అమ్మమ్మా, మెడ ఇరిగిపోతంది" అంది. ఒళ్లు కాలిపోతోంది. మా కొండల్లో ఏ జ్వరం వచ్చినా మలేరియా అనే అంటారు. పాడేరు ఆసుపత్రిలో ఆ మాత్రలే ఇచ్చారు. తర్వాత ఫిట్స్ వచ్చాయి. జీపు మాట్లాడుకుని విశాఖ దించాం.

నడుం దగ్గర సూది గుచ్చి నీరు తీశారు. "బాక్టీరియల్ మెనింజైటిస్, మెదడు పొరలకు పట్టిన జబ్బు. ఇంకా ముందే రావలసింది" అన్నాడు డాక్టరు. పిల్ల బతికింది. ఇంటికి బయలుదేరే రోజు స్టీలు గ్లాసు ఖంగున కింద పడింది. వార్డంతా తిరిగి చూసింది. కుమారి చూడలేదు.

తలకు తీగలు అంటించి, చెవులు పనిచేస్తున్నాయో లేదో చూసే బెరా టెస్టు చేశారు. "రెండు చెవులూ ప్రొఫౌండ్ లాస్ అమ్మా, దాదాపు ఏమీ వినబడదు. హియరింగ్ ఎయిడ్ పెట్టినా మాటలు తెలియడం కష్టం" అన్నారు. అయినా పెట్టించాం. గుయ్యిమన్న మోత తప్ప మాట లేదు. పైగా చెవిలో చీము. తీసేశాం.

కుమారి ఉండి చదువుకునే ఆశ్రమ బడి హెడ్మాస్టరు, "తీసుకుపోవే ముసలమ్మా, మేకలు కాసుకుంటాది" అన్నాడు.

"మేకల్కి నువ్వెల్లు. నా గుంట సదువుతాది" అన్నాను.

ఆ ఏడు పరీక్ష తప్పితే పంపేస్తానన్నాడు.

అంతలో వికలాంగ పిల్లల కోసమని బడికి కంప్యూటరు వచ్చింది. బొట్టు పెట్టి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, గదికి తాళం వేశారు. ఆఫీసర్లు వచ్చిన రోజే తీశారు. నేను కిటికీ పట్టుకుని చూశాను. అందులో ఉన్నవన్నీ మాట్లాడే పాఠాలు. తెర మీద ఒక్క అక్షరం లేదు. కుమారి నెత్తిన హెడ్‌ఫోన్లు తగిలించి ఫొటో తీశారు. "వినబడుతోందా పాపా?" అన్నాడొకడు. పిల్ల అందరి మొహాలూ చూసి తలూపింది. గదంతా నవ్వులు. పెద్ద చదువులు చదివి చేసే పని ఇదా? ఆ ఫొటోకు అద్దం కట్టించి గోడకు కూడా కొట్టారు. థూ!

లెక్కల పంతులమ్మ ఒక్కతే నవ్వలేదు. "పెద్దమ్మా, ఆ పాఠాలు వదిలేద్దాం. నేను చెప్పేదంతా తెర మీద టైపు చేస్తాను, చదువుకుంటుంది. తాళం సంగతి నువ్వు చూడు" అంది. చూశాను. ఆఫీసు గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను.

"లే, జనం సూత్తన్నారు" అన్నాడు హెడ్మాస్టరు.

"సూడనీ. నీకు ఫొటోలంటే ఇట్టం కదా, తియ్యించుకో."

తాళంచెవి విసిరేశాడు.

మొదటిరోజు కుమారి ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది: "ఆ రోజు అందరూ ఎందుకు నవ్వారు?" పంతులమ్మ నా వైపు తిరిగింది. మనవలు పుట్టాక వయోజన బడిలో అక్షరాలు దిద్దినదాన్ని, నేనూ కూడబలుక్కుని చదివాను. "బుద్ధి నేక నవ్వినారు, అదే కొట్టమ్మా" అన్నాను. పంతులమ్మ అలాగే కొట్టింది. కుమారి అది చదివి పకపకా నవ్వింది. జబ్బు చేశాక మళ్లీ ఆ నవ్వు వినడం అప్పుడే.

వానలకు కరెంటు పోయేది, మిషను మూలపడేది. అప్పుడు పలక మీద రాసేవాళ్లు. పరీక్ష గట్టెక్కింది.

ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. చెవులు రాలేదు, ఇక రావు.

నేను చెప్పేది ఒకటే. మీ పిల్లకు బడిలో ఏ మిషను ఇచ్చినా వెంటనే దండం పెట్టకండి. దాని ముందు కూర్చోబెట్టి పాఠం చెప్పించండి. అయ్యాక మేష్టార్ని అడగకండి. ఏం తెలిసిందో పిల్ల చేతే రాయించండి. రాయలేకపోతే తప్పు పిల్లది కాదు.