దువ్వెనలాయన కోతిబొమ్మ

కోతిబొమ్మను బందీ చేసి బేరం గెలిచిన కొట్టువాడు మదనపల్లె మొత్తం మీద నేనొక్కణ్ణే.

దువ్వెనలు అమ్మే ఆయన నెలకోసారి మా కొట్టుకు వచ్చేవాడు. సంచి దించకముందే చొక్కా జేబులోంచి బొటనవేలంత గుడ్డకోతిని తీసి బల్ల మీద కూర్చోబెట్టేవాడు. రేటు తగ్గించమంటే దాని దగ్గరికి వంగి, చెవి పెట్టి విని, "మావాడు ఒప్పుకోలేదప్పా" అనేవాడు. అట్లా గంటసేపు సాగేది మా బేరం.

ఒకరోజు ఆయన మంచినీళ్లు తాగుతుంటే కోతిని గల్లాపెట్టెలో వేసి తాళం తిప్పాను.

"డజనుకు రెండు రూపాయలు తగ్గిస్తేనే మీవాణ్ణి వదుల్తా" అన్నాను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. "అట్లే తీసుకోప్పా. వాణ్ణి ఇచ్చెయ్. కుప్పం దాకా నాతో మాట్లాడేది వాడొకడే."

మళ్లీ మా కొట్టుకు రాలేదు. మొన్న పుంగనూరులో ఒక కొట్టు దగ్గర కనిపించాడు. అక్కడ బల్ల మీద కోతి కూర్చుని ఉంది. నన్ను చూడగానే దాన్ని జేబులో వేసుకుని, పైన చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"బాగుండావా అప్పా?" అన్నాడు, మర్యాదగానే.

ఇప్పుడు దువ్వెనలు ఫోనులోనే తెప్పిస్తాను. రేటు ముందే రాసి ఉంటుంది, అడగడానికి మనిషి ఉండడు. ఆ రోజు ఇరవై డజన్ల మీద నాకు మిగిలింది, నిజం చెప్పాలంటే, నలభై రూపాయలు.