లూపిన్ గుగ్గిళ్ళు

నాలుక చేదని మొరపెడుతుంటే, వాక్యం చెప్పి దాని నోరు మూయించేవాణ్ణి మీరు బోధకుడంటారా? ఈ రోజు జర్మనీలోని ఇల్మెనౌలో ఆ పని చేసింది నేనే.

పోయిన వారం కొండవాలు మీద చిక్కుడు జాతి లూపిన్ మొక్కల ఎండిన కాయలు చూపించి, "షాపులో అమ్మే గింజలే ఇవి, దేవుడు ఉచితంగా ఇచ్చాడు, కోసుకోండి" అని మన తెలుగు విద్యార్థులకు చెప్పాను. ఎమ్మెస్ చదివే స్రవంతి వాటితో గుగ్గిళ్ళు చేసి ఈ మధ్యాహ్నం ప్రార్థన కూటానికి తెచ్చింది. ముందుగా తనే రెండు చెంచాలు తిని ముఖం చిట్లించింది.

"అన్నా, మస్తు చేదున్నయ్. నిమ్మకాయ పిండినా పోతలేదు."

"పస్కా పండుగకు చేదు కూరలు తినమన్నది దేవుడే కదమ్మా. తిను!"

అందరూ నవ్వారు. కూటానికి కేకు తెచ్చిన పై అంతస్తు జర్మన్ అవ్వ మాత్రం నవ్వలేదు. గిన్నె లాగేసుకుని, తన వంటింట్లోంచి షాపులో కొన్న, చేదు లేని లూపిన్ గింజలు తెచ్చి పక్కన పోసింది. అవి పెద్దవి, చదునుగా, తెల్లగా ఉన్నాయి. మావి చిన్నవి, నల్లటి మచ్చలతో ఉన్నాయి. అడవి లూపిన్ విషమట. అరగంటకే స్రవంతికి నోరెండిపోయి, చూపు మసకబారింది. ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది. ప్రాణభయం లేదన్నారు.

ఫలాన్ని బట్టి చెట్టును తెలుసుకోమని ప్రతి ఆదివారం గొంతు చించుకునే నేను, ఒక్క గింజనైనా అరచేతిలో వేసుకుని చూడలేదు. తిట్టదలచినవాళ్ళు కింద కామెంట్లలో తిట్టండి, అన్నీ చదువుతాను. కానీ నా మాట విని కోసుకొచ్చినవాళ్ళు ముందు లేచి ఆ గింజల్ని డబ్బాతో సహా చెత్తలో పారేయండి. తిన్నవాళ్ళుంటే ఇది చదవడం ఆపి, ఇప్పుడే డాక్టరుకు ఫోన్ చేయండి!