కోళ్ల షెడ్డులో వెనకబడిన టైము

నర్సింహులపేట దగ్గరి ఆ కోళ్ల షెడ్డుకు అది నా నాలుగో ప్రయాణం. జనగామ నుంచి రెండు బస్సులు మారి, మిగతా దూరం ఆటోలో. దిగేసరికి నడుము లాగేస్తోంది.

పొద్దు చాలకపోతే కోళ్లు గుడ్లు తగ్గిస్తాయి. అందుకని తెల్లవారుజామున నాలుగింటికే లైట్లు వెలిగించే బోర్డు ఒకటి నేనే చేసి అక్కడ బిగించాను. రెండు వారాలకే ఆ లైట్లు ఐదింటికి వెలగసాగాయి. రెండుసార్లు వెళ్లి టైము సరిచేసి, "కరెంటు పోయి వస్తుంది గద అక్కా, గందుకే" అని షెడ్డు నడిపే అక్కకు చెప్పి వచ్చాను. బోర్డుకు బ్యాటరీ ఉంది, కరెంటు పోయినా టైము ఆగదని నాకు తెలుసు. కారణం తెలియదని ఒప్పుకుని, కూర్చుని వెతికే ఓపిక లేకపోయింది.

ఈసారి ఆ అక్క నన్ను కూర్చోమనలేదు. నేరుగా గోడ దగ్గరికి తీసుకుపోయింది. అక్కడ బొగ్గుతో రోజూ ఫోనులోని టైము, పక్కనే బోర్డు టైము రాసి పెట్టింది.

"సూడు చెల్లె. కరెంటు పోయిన దినం గంతే, పోని దినం గంతే. రోజుకు నాలుగు నిమిషాలు ఎనుకకు పోతుంది. గిదేంది మరి?"

గోడ చూడగానే అర్థమైంది. నా ప్రోగ్రాం ఒక సెకను ఆగి, లెక్కలో ఒకటి కలిపి, షెడ్డులో వేడి ఎంతుందో చూసి, తెర మీద అంకెలు మార్చి, మళ్లీ సెకను ఆగేది. మధ్యలో ఆ పనులకు పట్టే సమయం ఏ లెక్కలోకీ రాలేదు.

"తప్పు నాదే అక్కా. కరెంటుది కాదు."

ఆమె గోడ మీది అంకెలు చూపించింది. "గా ముక్క మొదట్నే అంటే నాకింత పరేషాన్ ఎందుకుంటుండె?"

దాణా బస్తా మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ప్రోగ్రాం మార్చాను. బోర్డు మీది చిప్‌లోనే ఒక టైమర్ ఉంటుంది. సెకను నిండగానే, చిప్ ఏ పనిలో ఉన్నా ఆపించి, ఒకటి కలిపించి, తిరిగి ఆ పనికే పంపుతుంది. దాన్నే ఇంటరప్ట్ అంటారని అక్కకు చెప్పాను.

"అంటే పని ఎంతసేపు పట్టినా టైము ఆగదన్నట్టు," అంది.

పది రోజులకు ఫోన్ చేసింది. "టైము మంచిగనే ఉంది. గుడ్లే ఇంక పెరగలే."

"జర టైం పడుతది అక్కా."

"పట్టనీ. ఈసారి తెల్వకుంటే తెల్వదని చెప్పు."

సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది: అదే పాత ప్రోగ్రాం స్టేషన్ ఘన్‌పూర్‌లో ఒక షెడ్డులో, భూపాలపల్లి దగ్గర రెండింటిలో ఇంకా నడుస్తోంది. వాళ్లెవరూ ఫిర్యాదు చేయలేదు. మర్నాడు పొద్దున్నే భూపాలపల్లి వైపు బస్సెక్కాను.