కార్సల్ పేరులోని ఊట

హెస్టర్ స్క్విబ్ ఇంగ్లండులోని డోర్సెట్ పల్లె కార్సల్‌లో ముప్పై ఒక్క ఏళ్లు సైకిల్ మీద ఉత్తరాలు పంచింది. చదువు పద్నాలుగో ఏటే ఆగిపోయింది. అయినా ఊరి పేరు ఎక్కడ ఎలా రాసి కనబడినా నోట్‌బుక్కులో ఎక్కించుకునేది. అటకల మీది పాత కవర్లపై కార్సిల్, సమాధి రాళ్లపై కార్స్‌వెల్, చర్చి పుస్తకంలో అన్నిటికన్నా పాతది, కేర్స్‌వెల్లె. ఆ మాటకు అర్థం పట్టుకోవడానికి ఆమెకు రెండు చలికాలాలు పట్టింది: నీటికూర, అంటే పారే నీళ్లలో పెరిగే ఆకుకూర, మొలిచే ఊట.

"గడప గడపా తిరిగిన దానివి, ఆ ఊటేదో చూపించవమ్మా!" అని అది విన్న పాస్టరు నవ్వాడు. ఊళ్లో ఊట అన్నదే ఎవరూ చూడలేదు. ఆ నవ్వు హెస్టర్‌కు గుచ్చుకుంది.

ఏటా మే నెలలో ఊరి హద్దులు మరిచిపోకుండా ఊరంతా కలిసి, కర్రలతో హద్దురాళ్లను తడుతూ పొలిమేర చుట్టి వస్తారు. ఆ ఏడు కూడా రూబెన్ లెగ్ పొలం మూలకు రాగానే ఎప్పటిలాగే ఆగి, బన్నుల మూటలు విప్పారు.

"తృప్తిగా తినండి. శనివారం ఈ పల్లం పూడ్పించి గొడ్ల కొట్టం వేస్తున్నా," అన్నాడు రూబెన్.

హెస్టర్ నమలడం ఆపింది. "ఒరే రూబెన్, ఇక్కడ నీడ లేదు, కూర్చోవడానికి రాయి లేదు, కాళ్ల నిండా దురదగొండి. మరి ఇక్కడే ఎందుకు తింటాం?"

"మా నాన్న ఇక్కడే తినేవాడు."

"మీ తాత?"

"ఆయనా ఇక్కడే. ఏం, మహారాణిగారికి బల్లా కుర్చీ వేయించాలా?"

"నీళ్లు ఇప్పించు చాలు, గొంతు ఎండిపోయింది. ఆ కాలం వాళ్లకీ ఎండిపోయే ఉంటుంది. అందుకే నీళ్లున్న చోట ఆగారు. పూడ్చే ముందు ఒక్కసారి తవ్వు నాయనా."

"నీళ్లు పడకపోతే?"

"నా నోట్‌బుక్కు మీద నీ కొట్టం కట్టుకో."

మర్నాడు హెస్టర్ పక్కన నిలబడి చూస్తుండగా, రూబెన్ గొణుక్కుంటూనే పార పట్టాడు. మోచేతి లోతున గుండ్రంగా పేర్చిన రాళ్లు తగిలాయి. లోపలి బురద ఎత్తి పోసేసరికి అడుగున నీరు మెల్లగా కదిలింది. అతను పార పక్కన పెట్టి, వంగి ఆ నీళ్లలో చెయ్యి ముంచాడు.

"కొట్టం అటు జరుపుతాలే అక్కా," అన్నాడు. "గొడ్లకు నీళ్లు దగ్గరవుతాయి."

మరుసటి మే నెలలో అందరూ ఆ నీళ్లు తాగుతూ బన్నులు తిన్నారు. రాళ్ల సందున మొలిచిన నీటికూర రెబ్బ ఒకటి తుంచి, హెస్టర్ ముందుగా పాస్టరు బన్నులో పెట్టింది.