కాంపౌండర్ సాబ్ ఇచ్చిన గ్లాసెడు నీళ్ళు

కాంపౌండర్ సాబ్ పోయారన్న కబురు మొన్న బుధవారం పొద్దున, నేను దవాఖాన తలుపులు తీస్తుండగా అందింది. గౌలిపుర నుంచి ఆయన అల్లుడు సైకిల్ మీద వచ్చాడు. దిగీ దిగకముందే, "మామ పోయిండు డాక్టరమ్మా, తెల్లారంగ" అన్నాడు. ఎవరైనా అయితే అయ్యో అంటారు, ఎట్లా పోయారని అడుగుతారు. నేను అడిగింది ఒక్కటే. "నీళ్ళు తాగిండా?"

అల్లుడు నా మొహంలోకి చూశాడు. "తెల్వదమ్మా. నేను రాత్రి డ్యూటీల ఉంటి" అన్నాడు. ఈవిడకు మతి చలించిందనుకొని ఉంటాడు. అనుకోనీ. ఆ ప్రశ్న పదమూడేళ్ళుగా నా గొంతులో ఉంది. అది ఎందుకుందో చెప్పకుండా ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసి ఊరుకుంటే ఆయనకే నచ్చదు.

డెబ్బైల మొదట్లో నేను పశువైద్యం చదువుతున్నాను. చదువు చివర ఆరు నెలలు ఏదైనా పశువుల దవాఖానలో పనిచేస్తేనే పట్టా చేతికొచ్చేది. ఆ ఆరు నెలలూ సర్కారు స్టైపెండు ఇచ్చేది. మా క్లాసులో చాలామందికి అది చాయలకు, సినిమాలకు సరిపోయే డబ్బు. నాకు మాత్రం దాని మీదే చదువంతా నిలబడి ఉంది. మా ఇల్లు చాంద్రాయణగుట్టలో. మా బాపు కంచన్‌బాగ్ దిక్కు ఒక కారఖానాలో కూలి. "ఇన్నేండ్లు కడుపు కట్టుకొని చదివిపిచ్చిన బిడ్డా. ఇంక ఆరు నెలలు ఊకెనే పనిజెయ్యమంటే నాతోని కాదు. సర్కారు పైసలిస్తనంటున్నది గాబట్టి పో. ఏ నెల రాకుంటే ఆ నెలనే బంద్" అన్నాడు. మా బాపు చెడ్డవాడు కాదు. అన్న మాట మాత్రం వెనక్కి తీసుకునేవాడు కాదు.

స్టైపెండుకు ఒక షరతు ఉంది. నెలలో మూడు రోజులకు మించి హాజరు తప్పితే ఆ నెల లెక్కలోకి రాదు. ఆ నెల పని మళ్ళీ చేయాలి, ఈసారి స్టైపెండు లేకుండా. జ్వరమొచ్చినా అంతే, ఇంట్లో చావొచ్చినా అంతే.

నన్ను వేసింది పాతబస్తీలో ఒక చిన్న పశువుల దవాఖానకు. సంతకాలు పెట్టడానికి పెద్ద డాక్టరు ఉండేవారు. దవాఖానను నడిపింది మాత్రం కాంపౌండర్ సాబే. మా హాజరు రాసేదీ ఆయనే. యాభై దాటిన సన్నటి మనిషి. చెవి మీద పెన్సిలు, మోచేతుల దాకా కార్బాలిక్ సబ్బు వాసన. మొదటి రోజు నన్ను ఎగాదిగా చూసి, "గోర్లు తీస్కొని రేపు రా డాక్టరమ్మా" అని వెనక్కి పంపారు. పట్టా లేని ఆడపిల్లను ఆ ఊళ్ళో డాక్టరమ్మా అన్న మొదటి మనిషి ఆయనే.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నవి రెండే మాటలు. మిగతాదంతా పుస్తకాల్లో ఉంది. మొదటిది, "చెయ్యి వెట్టకముందు కండ్లు వెట్టు." ఏ పశువు దగ్గరికి పోయినా ఆయన మొదట నాలుగడుగుల దూరంలో నిలబడి, ఒక బీడీ కాలేంతసేపు ఊరికే చూసేవారు. రెండోది, "చూసిందే రాయి. చూడంది రాయకు." ఒకసారి నేను ఒక మేక చెవి పట్టుకొని, నూట రెండు ఉంటుందిలే అని అంచనాగా జ్వరం రాసేశాను. ఆయన థర్మామీటరు నా చేతిలో పెట్టి మేకను వెతుక్కొని రమ్మన్నారు. అది అప్పటికి షాలిబండ దాటింది. మండుటెండలో ఒక మేక వెనక ఎంత దూరం నడిచానో నాకే తెలుసు. దొరికాక చూస్తే నూట నాలుగు.

నాలుగో నెలలో, వానలు అప్పుడే మొదలైన రోజుల్లో, గౌలిపుర నుంచి ఒక పాలామె పొద్దున్నే పరుగెత్తుకొచ్చిందట. ఆమెకు నాలుగు బర్రెలు. "ఒకదాని గొంతుల మామిడి టెంక ఇరికింది సాబ్. మేత లేదు, నీళ్ళు లేవు. చొంగ గారుతున్నది" అందట. కాంపౌండర్ సాబ్ వెంటనే వెళ్ళారు. నా బస్సు ఆలస్యమై నేను అరగంట తరవాత అక్కడికి చేరాను. కొట్టం ముందు ఆయన కనిపించలేదు. ఇంటి వెనక నల్లా దగ్గర నీళ్ళ చప్పుడు వినిపించింది. చేతులు కడుక్కుంటున్నారనుకున్నాను. ఆయన చేతులు కడుక్కోవడం ఎవరికి కొత్త?

బర్రె మెడ ముందుకు చాచి నిలబడి ఉంది. నోటి నుంచి చొంగ తాడులా వేలాడుతోంది. అది అరిచింది. అలాంటి అరుపు నేను అంతకుముందు వినలేదు. బొంగురుగా, సగంలో తెగిపోయే అరుపు. పక్కనున్న మూడు బర్రెలూ దానికి దూరంగా, గుంజలకు కట్టిన తాళ్ళు ఎంత సాగితే అంత దూరం జరిగి నిలబడ్డాయి. అది చూశాను. చూసి కూడా ఆగలేదు.

పాలామె నన్ను చూసి నవ్వింది. "ఈ పిల్లనా చూసేది? బర్రె తోక ఊపితే పడేటట్టున్నది" అంది. నాకు పౌరుషం వచ్చింది. నాలుకను ఒక పక్కకు లాగి పట్టుకొని, కుడిచేయి మోచేతి దాకా గొంతులోకి పెట్టాను. టెంక లేదు. ఏమీ లేదు. దవడ పళ్ళు మణికట్టు పైన గీరుకుపోయాయి.

"చెయ్యి తియ్యి" అన్న మాట వెనక నుంచి వినిపించింది. కాంపౌండర్ సాబ్ తడి చేతులతో నిలబడి ఉన్నారు. ఆయన మొహం అలా ఉండగా నేను మళ్ళీ ఎన్నడూ చూడలేదు. నన్ను రెక్క పట్టుకొని నల్లా దగ్గరికి లాక్కుపోయి, గీరుకున్న చోట సబ్బు రుద్దుతూనే ఉన్నారు. రుద్దుతూనే పాలామెను అడిగారు. "ఈ బర్రెను కుక్క గిట్ల కరిసిందా?"

"కరవలే సాబ్. నెల కింద ఒక కుక్క కొట్టంల సొచ్చి లొల్లి జేసింది. దీని కాలు మీద జరంత గీరింది, అంతే. పసుపు వెట్టిన."

ఆయన సబ్బు కరిగేదాకా రుద్దారు. మూడో రోజు బర్రె పడిపోయి చచ్చింది. తల పరీక్షకు పంపితే, అది పిచ్చికుక్క జబ్బేనని కాగితం వచ్చింది.

ఆ రోజుల్లో దానికి మందు పద్నాలుగు సూదులు. రోజుకొకటి, బొడ్డు చుట్టూ. నారాయణగూడలో ఆ సూదులు వేసే దవాఖానకు పోయి పొద్దుటి నుంచి వరసలో నిలబడితే మధ్యాహ్నం దాటేది. ఒక్క రోజు కూడా తప్పకూడదు. అంటే పద్నాలుగు రోజులు నా హాజరు పోయినట్టే. ఆ నెల పోయినట్టే. మా బాపు బంద్ అన్నట్టే.

చెప్పడానికి సిగ్గుగా ఉంది. ప్రాణం పోతుందన్న దానికంటే హాజరు పోతుందన్న దానికే నేను ఎక్కువ భయపడ్డాను. ఇరవై రెండేళ్ళ వయసులో చావు ఎవరికో వచ్చేదిలా ఉంటుంది. కాంపౌండర్ సాబ్‌ను అడిగాను, నేను పొద్దున పోయి వస్తాను, మీరు హాజరు వేసేయండని. ఆయన తల కూడా ఎత్తలేదు. "చూడంది రాయ" అన్నారు. తరవాత పెన్సిలు చెవి మీద పెట్టుకొని పెద్ద డాక్టరు గదిలోకి వెళ్ళారు. తలుపు సందులోంచి నాకు అన్నీ వినిపించాయి.

"పాలామెకు, ఆమె పెనిమిటికి గూడ సూదులు పడాలె సాబ్. వాళ్ళంతట వాళ్ళు పోరు, రెండు సూదులకే బంద్ జేస్తరు. రోజు వెంటవడి తోల్కపోయేటోళ్ళు కావాలె. మిగిలిన మూడు బర్రెలను రెండు పూటల చూడాలె. గా పని ఈ పిల్లకు రాసియ్యిండ్రి. ఆమె సూది గూడ అండ్లనే అయితది. హాజరు అబద్ధం గాదు."

పెద్ద డాక్టరు ఆలోచించారు. "నోట్లో చెయ్యి నువ్వు కూడా పెట్టావా? ఇద్దరూ పోయేట్టయితే దవాఖాన తెరిచే మనిషి లేడు. నేను పైకి రాసి ఇంకో మనిషిని అడగాలి. అంతవరకు ఆ పిల్లను బయటి పనికి పంపలేను."

"నేను వెట్టలే సాబ్. ఆమె ఒక్కతే."

నన్ను ఆ పనికి వేస్తూ కాగితం అయింది. నేను దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఆ పద్నాలుగు రోజులూ పొద్దున్నే దవాఖానకు వెళ్ళి, ఆయన నా పని రాసుకున్నాక పాలామె ఇంటికి బయల్దేరేదాన్ని. రాయడానికి ముందు ఆయన మూలనున్న మట్టి రంజన్‌లోంచి ఒక గ్లాసు నీళ్ళు ముంచి నా చేతికిచ్చేవారు. "తాగు" అనేవారు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడేవారు. మొదట అది ఆప్యాయత అనుకున్నాను. ఐదో రోజు తెలిసింది. ఆ జబ్బు మనిషిలో బయటపడేది నీళ్ళ దగ్గరే. గొంతు పట్టేస్తుంది, నీళ్ళు చూస్తేనే వణుకు పుడుతుంది. అది తెలిశాక ప్రతి పొద్దునా గ్లాసు పెదవులకు తగలగానే గొంతు తనంతట తానే బిగుసుకునేది. గుటక పడేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టేవాళ్ళం. అప్పుడు ఆయన పెన్సిలు తీసి రాసేవారు.

గల్లీలో ఎవరూ పాలామె దగ్గర పాలు కొనలేదు. ఆమె నడిచొస్తుంటే పిల్లల్ని లోపలికి లాక్కునేవారు. సాయంత్రాలు నేను ఆ మూడు బర్రెల ముందు కూర్చొని అవి నెమరు వేస్తున్నాయా లేదా అని చూసేదాన్ని. ఏదైనా ఒకటి కాసేపు దవడ ఆపితే లేచి దాని దగ్గరికి పోయేదాన్ని. వరసలో నిలబడ్డప్పుడు పాలామె పొట్ట మీద చెయ్యి పెట్టుకొని, "మనమంత ఒక్క మంద అయినం డాక్టరమ్మా" అనేది. ఆమె మొగుడు నవ్వేవాడు కాదు.

పద్నాలుగో రోజు, ఆఖరి సూది అయ్యాక, పాలామె పైట సర్దుకుంటూ అంది. "కాంపౌండర్ సాబ్ సూదులు ఏడ తీస్కుంటుండు? నీకన్న ముందుగాల టెంక కోసం నోట్ల చెయ్యి వెట్టింది ఆయననే గద."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. నల్లా దగ్గర నీళ్ళ చప్పుడు అప్పుడు అర్థమైంది.

దవాఖానకు వచ్చేసరికి ఆయన పొడి మందు పొట్లాలు కడుతున్నారు. "మీరు అబద్ధం చెప్పిండ్రు సాబ్" అన్నాను.

"చెప్పిన. రాయలే" అన్నారు.

"రేపటి సంది మీరు సూదులకు పోవాలె."

"పోతే పెద్ద డాక్టర్ ఎందుకని అడుగుతడు. నీ కాగితం మొత్తం తిరగవడ్తది. నీ నెల లెక్క పైకి పోయింది. పైసలు నీ చేతుల వడనీ, అప్పుడు చూద్దాం. నా చేతికి కోతల్లేవు బిడ్డా. ఫికర్ జెయ్యకు." ఆయన వేళ్ళ నిండా పొట్లాల దారం కోసిన గీతలుండేవి. నేను రోజూ చూసేవే.

ఇక్కడ నేను రాయవలసింది ఒకటుంది. పెద్ద డాక్టరు గది అక్కడికి పదడుగుల దూరం. నేను వెళ్ళి చెప్పలేదు. ఊరుకున్నాను. నా పట్టా కోసం, మా బాపు మాట కోసం ఊరుకున్నాను. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. సర్కారు ఇచ్చిన స్టైపెండు ఆఫీసులు దాటి నా చేతికి రావడానికి ఇంకా రెండున్నర నెలలు పట్టింది. ఆ రోజులన్నీ రంజన్‌లో నీళ్ళు ముంచి ఇచ్చింది నేను. "ఏంది, పరీక్షనా?" అని ఆయన నవ్వుతూ తాగేవారు. డబ్బు చేతిలో పడ్డ రోజున మళ్ళీ అడిగాను. "ఇప్పుడెందుకు బిడ్డా, దాటిపోయింది" అన్నారు.

దాటిపోతే బాగుండును. ఏళ్ళ తరవాత కూడా అది పైకి రావచ్చని, చాలా అరుదని, పుస్తకంలో ఒక మూల రెండు ముక్కలున్నాయి. ఆ రెండు ముక్కలు పదమూడేళ్ళు నన్ను నిద్రలోనూ వదల్లేదు. ఉద్యోగం ఎక్కడ వేసినా నెలకో రెండు నెలలకో గౌలిపురలో ఆయన ఇంటికి వెళ్ళేదాన్ని. గడపలో అడుగు పెడుతూనే నీళ్ళు అడిగేదాన్ని. ఆయనకు తెలుసు. రెండు గ్లాసులు తెచ్చేవారు. ఇద్దరం తాగేవాళ్ళం. తరవాతే మిగతా కబుర్లు. ఒకసారి ఆయనకు పొలమారి దగ్గు వచ్చింది. నా చేతిలో గ్లాసు జారి కిందపడింది. "కొరవోయింది, అంతే. సావనియ్యవు, బతుకనియ్యవు" అని కోప్పడ్డారు. ఆయన నన్ను కోప్పడింది ఆ ఒక్కసారే.

బుధవారం నేను వెళ్ళేసరికి ఇంటినిండా జనం. ఆయన్ను వాకిట్లో పడుకోబెట్టారు. చేతులు బయటికే ఉన్నాయి, గోర్లు కత్తిరించి ఉన్నాయి. నేను అడగకముందే ఆయన భార్య నన్ను చూసి, తానే లేచి దగ్గరికి వచ్చింది.

"తెల్లారంగ ఛాతిల పట్టినట్టున్నదన్నడు. నీళ్ళడిగిండు. గిలాస నిండ ఇచ్చిన. మొత్తం తాగిండు. ఖాళీ గిలాస బోర్లిచ్చి నాకు చూయించిండు. 'డాక్టరమ్మ వచ్చి అడుగుతది. నువ్వు చూసినవు గద. చూసిందే చెప్పు' అన్నడు. ఇంక మాట్లాడలే."

నేను అక్కడే, గోడకు ఆనుకొని కూర్చున్నాను. చావు జరిగిన ఇంట్లో పచ్చి గంగ కూడా ముట్టకూడదంటారు. ఆమె ఆ గ్లాసే కడిగి, రంజన్‌లో ముంచి నా చేతికిచ్చింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు మాటలు ఆపి చూశారు. గ్లాసు పెదవులకు తగలగానే నా గొంతు ఎప్పటిలాగే బిగుసుకుంది. నేను చివరి చుక్క దాకా తాగి గ్లాసు ఇచ్చేవరకు, ఆమె ఆయన లాగే నా పక్కన నిలబడే ఉంది.