రివర్స్ సైదులు

ఈ ఉదయం మా డ్రైవింగ్ స్కూల్ కారును ఒకావిడ వెనక్కి తీస్తూ, క్లచ్ మీద కాలు సగం ఆనించి అలాగే ఉంచేసింది. కాసేపటికి కారంతా కాలిన క్లచ్ ప్లేటు వాసనతో నిండిపోయింది. గొంతులో పట్టుకునే ఘాటైన వాసన. ఆమె బెదిరి నా వైపు చూసింది. నేను అద్దం దించి, కాలు తీయమని మాత్రం చెప్పాను. నా మనసు అప్పటికే సూర్యాపేటలో లేదు. కోతలైపోయి నెర్రెలిచ్చిన మా వరిమడిలో, పాత ఎర్ర ట్రాక్టరు సీటు మీద ఉంది. పక్కన మడ్‌గార్డు మీద కూర్చుని సైదులు మామ, "వాసనొస్తే ముక్కు మూస్కుంటవేంది, కాలు తియ్యి" అంటున్నాడు.

సైదులు మామ అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. ఊరికో ఫోన్ బూత్ ఉన్న రోజుల నుంచి చాలా ఏళ్లపాటు కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేట చుట్టుపక్కల ఎక్కడ ట్రాక్టర్ రివర్స్ పోటీ పెట్టినా మైకులో మొదట వినపడేది ఆయన పేరే. పోటీ చూడనివాళ్ల కోసం చెబుతాను. మైదానంలో రెండు వరసలుగా కర్రలు పాతి, వాటి మధ్య మెలికలు తిరిగే దారి చేస్తారు. ట్రాక్టరుకు ట్రాలీ తగిలించి ఆ దారిలో మొదటి నుంచి చివరి దాకా వెనక్కే నడపాలి. కర్రకు తగలకుండా తక్కువ సేపట్లో చేరినవాడిది గెలుపు. ప్రత్యేకంగా చేయించిన బండ్లేమీ ఉండవు. పొద్దున పెంట తోలిన ట్రాక్టరునే కడిగి మధ్యాహ్నానికి పోటీకి తెచ్చేవాళ్లు. ట్రాలీతో వెనక్కి వెళ్లేటప్పుడు స్టీరింగ్ ఎడమకు తిప్పితే ట్రాలీ కుడికి పోతుంది. అలవాటు లేనివాడికి తన చేతులే తనకు శత్రువులవుతాయి.

నేను మొదటిసారి ఆయన పోటీ చూసింది కోదాడలో, పదో తరగతి సెలవుల్లో. మా నాయన వెంట వెళ్లాను. మిగతావాళ్లు సీట్లోంచి లేచి, మెడలు వంచి, చెమటలు కక్కుతూ నడుపుతుంటే, ఆయన ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా నలగకుండా, ఒక చెయ్యి మడ్‌గార్డు మీద ఆనించి, భుజం మీదుగా ఒక్క చూపు వెనక్కి వేసి, నీళ్లలో పాము జారినట్టు ట్రాలీని జార్చుకుంటూ పోయాడు. ఒక్క కర్ర కదలలేదు. దిగిన తర్వాత వెంటనే వేదిక దగ్గరకు వెళ్లలేదు. చప్పట్లు ఆగేదాకా టైరు పక్కనే నిలబడ్డాడు. పొగడ్త అంటే ఆయనకు ఇష్టం. అది దాచుకునేవాడు కాదు. 'రివర్స్ సైదులు' అని ఎవరైనా పిలిస్తే చొక్కా కాలర్ సర్దుకునేవాడు. తర్వాతి రోజుల్లో కూడళ్లలో ఫ్లెక్సీలు వచ్చాక తన బొమ్మ ఉన్న చోట బండి నెమ్మది చేయడం కూడా చూశాను. మా ఊరివాళ్లకు అది గొప్పగానే ఉండేది. మండలం దాటితే మా ఊరి పేరు ఎవరికీ తెలియదు, ఆయన ఊరు అంటే తెలిసేది.

నాకు పెళ్లి సంబంధాలు చూస్తున్న రోజుల్లో మా నాయన కుడిచెయ్యి వడ్ల మిషన్‌లో పడింది. ప్రాణం దక్కింది కానీ చెయ్యి పని చేయలేదు. మందలో కొన్ని గొర్రెలమ్మి కొన్న ట్రాక్టరు కొట్టం ముందు నిలబడిపోయింది. తమ్ముడు ఇంకా చిన్నవాడు. డ్రైవర్‌ను పెట్టుకుందామని అమ్మ అంటే, నేను నేర్చుకుంటానన్నాను. ఇంట్లో ఎవరూ నవ్వలేదు, ఎవరూ సరే అనలేదు. మర్నాడు నేనే సైదులు మామ ఇంటికి వెళ్లి అడిగాను. ఆయన, "నేర్పుత గని, ఊర్ల చెప్పకు బిడ్డా, నవ్వుతరు" అన్నాడు. నన్ను చూసి నవ్వుతారని కాబోలు అనుకున్నాను.

ఆ ఎండాకాలమంతా మా మడిలోనే నేర్పాడు. కోపం తక్కువ, ఓపిక ఎక్కువ. ట్రాలీ వంకర పోయినప్పుడల్లా స్టీరింగ్ లాక్కోకుండా, నేను ఎక్కడ తప్పానో నా చేతే చెప్పించేవాడు. మా మడికి కుడిపక్కన సాగర్ కాలువ పిల్లకాలువ ఉంది. అటు తిప్పితే ట్రాలీ కాలువలో పడుతుందని ఎప్పుడూ ఎడమ మలుపే తిప్పించేవాడు. ఎడమ మలుపు నాకు కంచంలో అన్నం కలిపినంత తేలికైంది. పొలం పనులకు ట్రాక్టరు నేనే తోలుతుంటే అమ్మ కూడా మెల్లగా ఒప్పుకుంది.

మిర్యాలగూడలో పోటీ పెడుతున్నారని తెలిసినప్పుడు నా పేరు కూడా రాయించమని అడిగాను. సైదులు మామ ముందైతే ఆడపిల్లలు ఎవరూ ఆడరు అన్నాడు, మళ్లీ తనే, "పో, ఏం గాదు" అన్నాడు. వెనక్కి తీస్తూ కుడి మలుపు నేను ఒక్కసారి కూడా తిప్పలేదని ఆయనకు గుర్తు రాలేదో, వచ్చినా తేలిగ్గా తీసుకున్నాడో నాకు తెలియదు. నాకైతే గుర్తు రాలేదు.

మైదానం నిండా జనం. నా పేరు చదవగానే ఈలలు మొదలయ్యాయి. మొదటి మలుపు ఎడమది. తేలిగ్గా తిప్పాను. ఈలలు ఆగాయి. రెండోది కుడి మలుపు. చేతులు తమకు అలవాటైన వైపే తిరిగాయి. సరిచేద్దామనుకునేలోపు ట్రాలీ అడ్డం తిరిగి, మూల వచ్చి వెనక టైరును గుద్దింది. వరసగా కర్రలు విరిగాయి. పక్కనే ఉన్న షామియానా తాడు తెగి, గుడ్డ ఒక మూల జనం మీద వాలింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంజిన్ ఆగిపోయింది. ఆ తర్వాత నాకు వినపడింది నవ్వు ఒక్కటే. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్విన ఆడవాళ్లు ఇప్పటికీ నా కళ్లకు కనపడతారు.

మైకు పట్టుకున్నాయన నా దగ్గరకు వచ్చి, "ఇంత ముద్దుగ నేర్పింది ఎవలమ్మా నీకు?" అని అడిగాడు. నా చూపు సైదులు మామ వైపు పోయింది. మైకాయన అది కనిపెట్టి మైకు అటు తిప్పాడు. "సైదులన్నా, నీ శిష్యురాలా ఏంది?"

సైదులు మామ తెల్లచొక్కా చేతులు మడుచుకుంటున్నాడు. తల ఎత్తకుండానే, "నాకేం ఎరుక? మా ఊరి పిల్లనే. నేనైతే నేర్పలే" అన్నాడు.

ఆ మాట మైదానమంతా వినపడింది. తర్వాత ఆయన వంతు వచ్చింది. విరిగిన కర్రల చోట కొత్తవి పాతారు. ఆయన గెలిచాడు. చప్పట్లు ఆగేదాకా నిలబడకుండా దిగి, తిన్నగా కూలర్ దగ్గరకు వెళ్లి నీళ్లు తాగాడు. ఇంటికి వచ్చేటప్పుడు దారి పొడవునా ఆయన ట్రాక్టరు ముందు, నాది వెనక. ట్రాలీతో ఒక్క చూపుకే వెనక్కి పోగల మనిషి ఆ రోజు ముందుకు పోతూ ఒక్కసారైనా తిరిగి చూడలేదు.

కర్రలు విరగడం నన్ను అంత బాధించలేదు. నన్ను తన మనిషి కాదనేంత చిన్నదానిగా ఆయనకు కనపడ్డానే అన్న సిగ్గు నన్ను తినేసింది. నాయన అడిగితే ఓడిపోయానని మాత్రం చెప్పాను. తర్వాత నెలల తరబడి ఆయన మా ఇంటి వైపు రాలేదు. నేను ట్రాక్టరు మీద ఎదురైతే బండి పక్కకు తీసి, టైరు చూస్తున్నట్టు వంగేవాడు. ఒకసారి వాళ్ల ఇంటావిడ చింతచిగురు పప్పు గిన్నె తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టి, ఆయన ఈ మధ్య సరిగా తినడం లేదని, ఎందుకో చెప్పడం లేదని అన్నది. నేను లోపలి గదిలోనే ఉండిపోయాను. కారణం నాకు తెలుసు. తెలుసని చెప్పడానికి కూడా సిగ్గే.

మళ్లీ మిర్యాలగూడ పోటీ వచ్చింది. ముందురోజు సైదులు మామ మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. "మీ నాయిన్ని తీస్కొని నువ్వు రేపు రావాలె" అన్నాడు. నేను రానన్నాను. "పోటీకి గాదు. ఊకె రా" అని వెళ్లిపోయాడు. నాయన వెళ్దామంటే వెళ్లాం.

తన వంతు వచ్చినప్పుడు ఆయన ట్రాక్టరు ఎక్కకుండా మైకు అడిగి తీసుకున్నాడు. "పోయినేడు గీడ్నే నేనొక అబద్ధమాడిన" అన్నాడు. "కర్రలిరగ్గొట్టిన పిల్లకు నేర్పింది నేనే. కుడి మలుపు నేర్పకుంటనే పోటీకి పంపిన. తప్పు ఆమెది గాదు, నాది."

నేను ఊహించుకున్నట్టు ఏమీ జరగలేదు. జనంలో సగం మందికి ఆ సంగతే గుర్తులేదు. ఎవరి గురించి చెబుతున్నాడని ఒకరినొకరు అడిగారు. కోదాడ నుంచి వచ్చిన వాళ్లెవరో వెనక నుంచి, "కథలెందుకండీ, బండి తియ్యండి ముందు" అన్నారు. మళ్లీ నవ్వు. ఈసారి ఆ నవ్వు ఆయన మీద. నాకు సంతోషం కలగాలి కదా, కలగలేదు. నా చుట్టూ ఉన్నవాళ్లు నన్ను గుర్తుపట్టి తిరిగి చూస్తుంటే, ఆయన పరువు నా కోసం పోతోందని తల దించుకున్నాను. నాయన మాత్రం మంచి చెయ్యి నా భుజం మీద వేశాడు. ఏడాది క్రితం ఏం జరిగిందో ఆయనకు అప్పుడే తెలిసింది. ఆ రోజు సైదులు మామ ట్రాలీ రెండు కర్రలను తాకింది. గెలిచింది కోదాడ కుర్రాడు.

అక్కడి నుంచి ఆయన దశ మెల్లగా దిగింది. ఆ మాట వల్లే అనను. పవర్ స్టీరింగ్ ఉన్న కొత్త బండ్లు వచ్చాయి, కుర్రాళ్లు ఒక్క చేత్తో తిప్పేస్తున్నారు, ఈయనకు కంటిలో పొర వచ్చింది. ఇంకొన్ని పోటీలు గెలిచాడు, ఎక్కువ ఓడాడు. ఓడినప్పుడు గెలిచినవాడికి చప్పట్లు కొట్టి ఇంటికి వచ్చేవాడు. పిల్లకాలువ పూడిపోయిన వేసవిలో మళ్లీ మా మడిలోకి వచ్చి నాకు కుడి మలుపు నేర్పాడు. మైదానంలో అన్న మాటను మేమిద్దరం ఎత్తలేదు.

తెలంగాణ వచ్చిన ఏడాది నేను సూర్యాపేటలో ఆడవాళ్లకు కారు నేర్పే స్కూలు పెట్టాను. మొదటి బ్యాచ్‌లో ఒక టీచరమ్మ ఉండేది. లైసెన్స్ పరీక్ష రోజు ఆమె కారు వెనక్కి తీస్తూ కంగారులో హద్దు గుర్తుకు పెట్టిన డబ్బాలను తొక్కుకుంటూ పోయి గోడకు ఆనించింది. వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. పరీక్ష పెట్టే అధికారి దిగి, ఈమెకు నేర్పింది ఎవరని అడిగాడు. నా పక్కన కొత్తగా చేరదామని వచ్చిన ఇద్దరున్నారు. ఆ క్షణంలో నా గొంతులోకి ఏం వచ్చిందో నాకు తెలుసు. 'నాకేం తెలుసు' అన్న మాట, నాలుక చివర దాకా వచ్చింది. కారు దగ్గర ఆ టీచరమ్మ నా వైపే చూస్తోంది. "నేనే సార్" అన్నాను. నా చెవులకే ఆ గొంతు సన్నగా వినపడింది.

ఆ సాయంత్రమే బస్సెక్కి మా ఊరు వెళ్లాను. సైదులు మామ కొట్టంలో బర్రెకు గడ్డి వేస్తున్నాడు. కంటి ఆపరేషన్ అయ్యాక నల్లద్దాలు పెట్టుకున్నాడు. జరిగింది చెప్పాను. మా ఇద్దరి మధ్య ఆ సంగతి మాటల్లోకి రావడం అదే మొదలు.

"నోటిదాక వచ్చిందా?" అని అడిగాడు.

"వచ్చింది మామా."

"మరి?"

"నేనే నేర్పిన అని చెప్పిన."

చేతిలో ఉన్న గడ్డి మోపు కింద పెట్టి, బర్రె మెడ నిమిరాడు. తర్వాత, "నాకు యాడాది పట్టింది బిడ్డా" అన్నాడు.

సైదులు మామ ఇప్పుడు లేడు. నేను నేర్పినవాళ్లు నలుగురి ముందు తప్పు చేసినప్పుడు నాలో మొదట కలిగేది ఇవాళ్టికీ సిగ్గే. జాలి కాదు, ప్రేమ కాదు. ఈ మనిషితో నాకేం సంబంధం లేదు అనిపించుకోవాలన్న ఆరాటం ముందు పుడుతుంది. ఇన్నేళ్లలో అది పోలేదు. అది లేనట్టు నటించడం మాత్రం మానేశాను. అది గొంతులోకి రాగానే ఆ మనిషి పక్కకు వెళ్లి నిలబడతాను.